ఆరో నంబరు బోల్టు

మాది జలాశయ రక్షక దళం, మూడో పటాలం. కొండల మధ్య ఉన్న ఒక పెద్ద జలాశయాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాయడం మా పని. దళం పెట్టి ముప్ఫై మూడేళ్లయింది. ఇంతవరకూ ఎవరూ ఎత్తుకుపోలేదు. ప్రతి వార్షిక నివేదికలోనూ మొదటి పేరాలో ఈ మాట రాసేది నేనే. నా పేరు పురుషోత్తం. సీనియర్ అసిస్టెంటుని. ఫైలు నా ప్రాణం. గడులు గీసిన కాగితంలో ఒక్క గడి ఖాళీగా కనిపించినా ఆ పూట నాకు అన్నం సయించదు.

మా దళానికి ఒక బ్యాండు ఉంది. రెండు బాకాలు, ఒక పెద్ద డ్రమ్ము, ఒక జత తాళాలు, ఒక సైడ్ డ్రమ్ము. వీళ్ల ముందు వెండిపొన్ను కర్ర పట్టుకుని నడిచే బ్యాండు మాస్టరు. సైడ్ డ్రమ్ము అంటే భుజానికి తగిలించుకుని, రెండు పుల్లలతో కొడుతూ నడిచేది. దాన్ని ముప్ఫై రెండేళ్లుగా వాయిస్తున్నవాడు హెడ్ కానిస్టేబుల్ దన్నాన సన్యాసి. ఆయన తర్వాత ఐదేళ్లకు చేరిన రమణమూర్తి బ్యాండు మాస్టరయ్యాడు, సన్యాసి అక్కడే ఉండిపోయాడు. అది అన్యాయమని సన్యాసి ఎనిమిదేళ్ల కిందట ఒక అర్జీ పెట్టుకున్నాడు. అది నా బీరువా రెండో అరలో పరిశీలనలో ఉంది.

ఆ సంవత్సరం ఆగస్టు ముప్ఫై ఒకటిన సన్యాసి పదవీ విరమణ. మా బ్యాండులో ఒక ఆచారం ఉంది. రిటైరయ్యే ఏడాది పంద్రాగస్టు నాడు, జెండా పైకెక్కే సమయంలో మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. వెళ్లిపోయేవాడు ఒక్కడే వాయిస్తాడు. సన్యాసి వంతుకు ఒక్కడే రోలు కొట్టాలి. రోలంటే రెండు పుల్లలూ విడివిడిగా వినబడకుండా, ఒకే ధారగా, జెండా కర్ర కొనకు చేరేదాకా కొట్టడం. సన్యాసి భార్య పైడితల్లి ఏటా కంచె బయట నిలబడి ఆ డ్రమ్ము వినేది. ఆ ఏడు ఆమెకు లోపల కుర్చీ. పాసు మీద ముద్ర వేసింది నేనే.

"ఆవాలు ఏగినట్టుండాల, లేపోతే ఇంటికి రావొద్దన్నాది బాబూ," అని సన్యాసి నాతో చెప్పి నవ్వాడు. నవ్వాడే గానీ, జూలై నుంచీ ఆయనకు ఆ రోలు తప్ప వేరే ధ్యాస లేదు.

జూలై ఇరవయ్యో తేదీన డ్రమ్ముకు కొత్త చర్మాలు వచ్చాయి. చర్మం అనేది పేరుకే, వస్తువు ప్లాస్టిక్కు. కొట్టేది పై చర్మం. కింద పల్చటి చర్మం మీద సన్నటి తీగల వరస ఆనుకుని ఉంటుంది, ఆ చిటపట దానిదే. ఒక్కో చర్మాన్ని ఒక ఇనప రింగు అదిమిపెడుతుంది. రింగు చుట్టూ పది బోల్టులు. బోల్టు తిప్పడానికి చిన్న కీ. ఏ బోల్టు ఎంత తిప్పాలన్నదే సన్యాసి విద్య.

ఆయన పద్ధతి నేను చాలాసార్లు చూశాను. ఒక బోల్టు సగం చుట్టు తిప్పుతాడు. వెంటనే డ్రమ్ముకు అవతలి వైపు, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న బోల్టు దగ్గరకు వెళ్లి అంతే తిప్పుతాడు. మళ్లీ ఇటు, మళ్లీ అటు. తర్వాత ప్రతి బోల్టు పక్కనా అంగుళం లోపలికి పుల్లతో చిన్నగా తట్టి, తల వంచి వింటాడు. పది చోట్లా ఒకే స్వరం పలికేదాకా ఆయనకు ప్రపంచంతో పని లేదు.

ఇరవై రెండో తేదీన సరిగ్గా ఈ పని మధ్యలో ఉండగా మా కొత్త పరిపాలనాధికారి శ్రీ నందివాడ వైకుంఠం గారు బ్యాండు గదిలోకి తనిఖీకి వచ్చారు. వెనక నేను, నా చేతిలో పుస్తకం.

వైకుంఠం గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవారు కాదు. ఆయన్ను ఉద్యోగంలో ఒకసారి పక్కనపెట్టి నలుగురు జూనియర్లను పైకెక్కించారు. ఆయన తొమ్మిదేళ్లు పోరాడి, కాగితాల మీద కాగితాలు పెట్టి, చివరకు గెలిచారు. అప్పటి నుంచీ ఈ లోకంలో ఎవరికీ ఆ అన్యాయం జరగనివ్వకూడదని కంకణం కట్టుకున్నారు. పాలతో నోరు కాలి, మజ్జిగ కూడా ఊదుకుని తాగే మనిషి.

"ఏమిటయ్యా చేస్తున్నావు?" అన్నారాయన.

"సర్మం బిగిత్తన్నానండి."

"అది కనబడుతోంది. ఇప్పుడు ఈ బోల్టు తిప్పావు. ఇది ఒకటో నంబరు అనుకుందాం. తర్వాత అవతలికి వెళ్లి ఆ బోల్టు తిప్పావు. మధ్యలో ఇవి ఎన్ని? రెండు, మూడు, నాలుగు, ఐదు. ఈ నాలుగింటినీ దాటేసి ఆరో నంబరు దగ్గరకు ఎందుకు వెళ్లావు?"

"ఎదురెదురు బిగించాలండి. వరసాగ్గా బిగిత్తే రింగు ఒక పక్కకి లాగీద్ది."

వైకుంఠం గారు నా వైపు తిరిగారు. ఆయన కళ్లలో నాకు ఆ పాత గాయం కనిపించింది.

"రాసుకోండి పురుషోత్తం గారూ. ఏ విధమైన కారణమూ నమోదు చేయకుండా, నాలుగు సీనియర్ బోల్టులను పక్కనపెట్టి, ఒక జూనియర్ బోల్టుకు ముందుగా బిగింపు ఇవ్వడం జరుగుతున్నది. ముప్ఫై రెండేళ్లుగా జరుగుతున్నది! అడిగే నాథుడు లేడు."

"అడిగితే బోల్టులే అడగాలండి," అన్నాడు సన్యాసి అమాయకంగా.

"అవి నోరు లేనివి కనకనే మనం ఉన్నాం," అన్నారు వైకుంఠం గారు. నిజం చెప్పొద్దూ, ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి.

మర్నాడే మెమో తయారైంది. 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, సైడ్ డ్రమ్ముకు చెందిన బోల్టులకు బిగింపును ఇకపై సీనియారిటీ క్రమంలో మాత్రమే మంజూరు చేయవలెను. సగం చుట్టు ఒక ఇంక్రిమెంటుగా పరిగణించవలెను. పై చర్మం పైస్థాయి కనుక ముందు, కింది చర్మం కిందిస్థాయి కనుక తర్వాత బిగించవలెను. జాబితా ఖరారయ్యే వరకు కీ కార్యాలయపు బీరువాలో ఉంచవలెను.'

కీ నా బీరువాలోకి వచ్చింది. సన్యాసి అర్జీ పక్కనే పెట్టాను.

సీనియారిటీ జాబితా తయారుచేసే పని నాదే. పై బోల్టులు పదికీ పది సర్వీసు రిజిస్టర్లు తెరిచాను. తండ్రి పేరు దగ్గర కంపెనీ పేరు రాశాను. పుట్టుమచ్చల గడి దగ్గర భూతద్దం పెట్టి చూసి 'నాలుగో నంబరు: తలపై అడ్డంగా చిన్న గీత. తొమ్మిదో నంబరు: కుడి వైపు తుప్పు మచ్చ' అని నమోదు చేశాను. చేరిన తేదీ అన్నిటికీ ఒక్కటే, డ్రమ్ము వచ్చిన తేదీ. తేదీలు ఒకటే అయినప్పుడు చేరిన సమయం చూడాలని నిబంధన. ఆ గడి ఒక్కటీ నింపలేకపోయాను. ప్రస్తుతానికి కంపెనీ ముద్ర పక్కనున్నదాన్ని ఒకటో నంబరుగా, అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే వైపున మిగతావాటికి నంబర్లు ఇచ్చి తాత్కాలిక జాబితా ప్రకటించాను. ఖాళీగా మిగిలిన ఆ పది గడులూ దాదాపు మూడు వారాల పాటు నాకు నిద్రలో కూడా కనిపించాయి.

అభ్యంతరాలకు ఏడు రోజులు గడువు. జాబితాను నోటీసు బోర్డుకు అంటించాం. బోల్టులు నిరక్షరాస్యులు కావచ్చునని వైకుంఠం గారికి సందేహం వచ్చింది. అందుకని నేను రోజూ ఉదయం పదకొండింటికి బ్యాండు గదికి వెళ్లి డ్రమ్ము ముందు నిలబడి జాబితాను బిగ్గరగా చదివి వినిపించాను. రెండో రోజు నుంచి డ్రమ్మును నా వైపు వంచి పట్టుకునే బాధ్యత సన్యాసికి అప్పగించారు.

"ఏటైనా అభ్యంతరం ఉంటే సెప్పండ్రా," అని ఆయన కూడా బోల్టులను అడిగేవాడు. వేళాకోళమో, నిజమో నాకు తెలియలేదు.

ఏడు రోజుల్లో ఏ బోల్టూ అభ్యంతరం తెలపలేదు. అదే మాట ఫైల్లో రాశాను. ఆగస్టు రెండో తేదీన కీ బయటకు తీశాం. నేను పేరు పేరునా పిలిచాను. సన్యాసి ఒకటో నంబరుకు సగం చుట్టు, రెండో నంబరుకు సగం చుట్టు, అలా పది దాకా తిప్పాడు. మళ్లీ ఒకటి నుంచి. వైకుంఠం గారు చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లిలో అప్పగింతలు చూస్తున్నంత ఆర్ద్రంగా చూశారు. అయిదు ఇంక్రిమెంట్లయ్యేసరికి రింగు కంపెనీ ముద్ర ఉన్న వైపు కిందికి దిగింది, అవతలి వైపు పైకి లేచింది. బోర్లించిన పళ్లెం కింద చెంచా ఇరుక్కున్నట్టు తయారైంది.

సన్యాసి పుల్లలు తీసుకుని ఒక్కసారి కొట్టాడు.

దబ్బుమంది. తడిసిన గోనెసంచిని నేలకేసి కొడితే వచ్చే చప్పుడు అది.

"సూసినారా అండి? సచ్చిపోయినాది," అన్నాడు సన్యాసి.

"శబ్దం వచ్చిందా, లేదా?" అన్నారు వైకుంఠం గారు.

"వచ్చినాది గాని..."

"వచ్చింది. చూడు సన్యాసీ, మధురంగా ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. అందరికీ న్యాయం జరిగిన చోట మొదట్లో కాస్త అపస్వరం ఉంటుంది. అలవాటు పడాలి."

సన్యాసి అలవాటు పడలేదు. అయిదో తేదీన నా దగ్గరకు వచ్చి, ఎదురెదురుగా బిగించుకోవడానికి అనుమతి కోరుతూ అర్జీ పెట్టాడు. వైకుంఠం గారు అర్జీని తోసిపుచ్చలేదు. ముగ్గురితో కమిటీ వేశారు. ఆయనా, స్టోరు కీపరూ, కొంచెం చెముడున్న మా వైద్యాధికారీ సభ్యులు. కమిటీ డ్రమ్మును ప్రత్యక్షంగా పరిశీలించి నివేదిక ఇచ్చింది: 'కొట్టగా శబ్దం వచ్చినది. శబ్దం బొత్తిగా రానియెడల విషయమును పునఃపరిశీలించవచ్చును. ఆరో నంబరుకు ప్రత్యేక అర్హతలు ఏవియు కానరాలేదు.'

అక్కడితో ఆగినా బాగుండేది. న్యాయం రుచి మరిగినవారు ఒక్క డ్రమ్ముతో ఆగరు. ఎనిమిదో తేదీన మెమోను రవాణా విభాగానికి కూడా వర్తింపజేశారు. జీపు చక్రానికి అయిదు నట్లు. మా డ్రైవరు ఎర్రయ్య ఇరవై ఏళ్లుగా ఒకటి వదిలి ఒకటి బిగిస్తున్నాడట. ఎవరి అనుమతితో అని సంజాయిషీ అడిగాం. ఎర్రయ్య బుద్ధిగా సీనియారిటీ ప్రకారం నట్లు బిగించి, వైకుంఠం గారిని ఎక్కించుకుని గేటు దాటేసరికి ముందు చక్రం ఊగడం మొదలెట్టింది. ఎర్రయ్య జీపు ఆపేసి, "తమరి ఆర్డరు పెకారమే బిగించినానండి. ఎక్కడికి తోలమంటారు?" అని వినయంగా అడిగాడు. వైకుంఠం గారు ఆలోచించి, నడక ఆరోగ్యానికి మంచిదని చెప్పి దిగిపోయారు. నాటి నుంచీ ఆయన ఇంటి నుంచి ఆఫీసుకు నడిచే వస్తున్నారు. సిద్ధాంతం కోసం కాళ్లు నొప్పి పుట్టించుకునే అధికారులు ఎంతమంది ఉంటారు? అందుకే ఆయనంటే నాకు గౌరవం.

పద్నాలుగో తేదీ ఉదయం మైదానంలో ఆఖరి రిహార్సలు జరిగింది. పైడితల్లి భర్తకు కేరియరు తెచ్చి, మైదానం అంచున నా పక్కన నిలబడింది. బాకాలు ఆగాయి, పెద్ద డ్రమ్ము ఆగింది. సన్యాసి ఒక్కడే రోలు ఎత్తుకున్నాడు. దబదబమని మైదానం మీద దొర్లింది ఆ చప్పుడు.

పైడితల్లి కాసేపు విని, నా వైపు తిరిగింది. "మా ఆయనేడి బాబూ? ఎవులో కొత్తోడు కొడతన్నాడేటి?"

సన్యాసి అక్కడికి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. ఆ మాట విన్నాడు. పుల్లలు ఆగిపోయాయి. ముప్ఫై రెండేళ్లుగా కంచె బయట నుంచి, కళ్లతో చూడకుండానే తన డ్రమ్మును పోల్చుకునే మనిషి, ఎదురుగా నిలబడి పోల్చుకోలేకపోయింది. ఆయన ఆమె వైపు చూడకుండా డ్రమ్ము భుజం నుంచి దించి గడ్డిలో పెట్టాడు. నాకు చాలా బాధ వేసింది. కానీ బాధను నమోదు చేయడానికి మా దగ్గర ఫారం లేదు.

గంట తర్వాత సన్యాసి ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"రేపు నాను రోలు కొట్టనండి. ఆ రమణమూర్తి గారిని బాకా ఊదించీమనండి. మీకు లేనిపోని తలనొప్పి ఎందుకు, కాయితం రాసి తెచ్చీసినాను."

"ఆఖరిది కదా సన్యాసీ?"

"అందుకే బాబూ. సచ్చిన డ్రమ్ముతో ఎల్లిపోయినాడని సెప్పుకోడం కన్నా, ఊరికే ఎల్లిపోయినాడంటే నయం."

నేను కాగితం తీసుకున్నాను. డ్రమ్ముకు సంబంధించిన ఏ కాగితమైనా బోల్టుల సర్వీసు రిజిస్టర్లతో జతచేసి పైకి పంపాలి. రిజిస్టర్లు బయటకు తీశాను. పది ఖాళీ గడులూ నా మొహంలోకి చూశాయి. చేరిన సమయం. అసంపూర్తి రిజిస్టరు పైకి పంపడం నా వల్ల కాదు.

"సన్యాసీ, వెళ్లేముందు ఒక్క చిన్న వివరం చెప్పు. ఈ డ్రమ్ము వచ్చినప్పుడు బోల్టులు బిగించే వచ్చాయా?"

"లేదండి. డబ్బాలో రింగులు ఏరేగా, బోల్టులు ఏరేగా వచ్చినాయి. నానే కూకొని కట్టినాను. నాకు కొత్త ఉజ్జోగం. ఆ రోజు ఇంకా గురుతు, పొద్దున్న తొమ్మిదయ్యుంటాది."

"మంచిది. ముందు ఏ బోల్టు బిగించావు?"

"ముద్ర పక్కనున్నది. మీరు ఒకటో నంబరంటారే, అది."

రాశాను. ఒకటో నంబరు, ఉదయం తొమ్మిది. "తర్వాత?"

"తర్వాత దానికి ఎదురుది. మీ ఆరో నంబరు."

ఆరో నంబరు గడిలో తొమ్మిది గంటల ఒక నిమిషం అని రాయబోయి నా కలం ఆగింది.

"రెండో నంబరు ఎప్పుడు చేరింది?"

"అదా? సానా వెనకండి. ఒకటి, ఆరు. మూడు, ఎనిమిది. ఐదు, పది. తర్వాత ఏడు, అప్పుడు రెండు. ఆకర్న తొమ్మిది, నాలుగు. ఇంకోలాగ ఎలా బిగిత్తామండి?"

"పై చర్మం ముందు వేశావా, కింది చర్మమా?"

"కింది సర్మమే ముందండి. ఎప్పుడూ అంతే."

నేను లేచి నిలబడ్డాను. ఈ ఉద్యోగంలో నేను పరుగెత్తింది అదొక్కసారే. పది రిజిస్టర్లూ గుండెలకు హత్తుకుని వరండా పొడుగునా పరుగెత్తి వైకుంఠం గారి గదిలోకి వెళ్లాను. సన్యాసి వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్! ఘోరం జరిగిపోయింది. ఆరో నంబరు బోల్టు అసలు రెండో స్థానంలో చేరింది. సమయం వారీ ఆధారం ఉంది, ప్రత్యక్ష సాక్షి ఉన్నాడు. మనం దాన్ని ఆరో స్థానానికి తోసేశాం సార్. దాని నెత్తిన ఒకరు కాదు, నలుగురు జూనియర్లు..."

వైకుంఠం గారు రిజిస్టర్లు ఒక్కొక్కటే తిప్పారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నలుగురు," అన్నారు మెల్లగా. "నాకూ నలుగురే."

"అవును సార్."

"పన్నెండు రోజులు. పన్నెండు రోజులు నేనే, ఈ చేత్తోనే..." ఆయన ఆరో నంబరు రిజిస్టరు మళ్లీ తెరిచారు. "ఒక్క అభ్యంతరమైనా చెప్పలేదే అది!"

"నోరు లేనిది సార్."

"ఇంకో సంగతండి," అన్నాడు సన్యాసి గుమ్మంలోంచి. "కింది సర్మం పైదాని కన్నా ముందు చేరినాది."

వైకుంఠం గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "అంటే, ఇన్నాళ్లూ కింద పడి ఉన్నది సీనియరు. పైన కూర్చుని దెబ్బలు తింటూ పేరు తెచ్చుకుంటున్నది జూనియరు."

"అలగే అనుకోండి."

"అనుకోవడం ఏమిటయ్యా, అంతటా జరిగేది అదే," అన్నారాయన.

అరగంటలో ఉత్తర్వు తయారైంది. పాత జాబితా రద్దు. కొత్త జాబితా ప్రకారం, మొదటి నుంచీ అమల్లో ఉన్నట్టే భావించి, అన్ని బోల్టులనూ వదులుచేసి తిరిగి బిగించాలి. వైకుంఠం గారు నా బీరువాలోంచి కీ తీసుకుని స్వయంగా బ్యాండు గదికి నడిచారు. దాన్ని సన్యాసి చేతిలో పెట్టారు. ముందు కింది చర్మం, తర్వాత పై చర్మం. నేను కొత్త జాబితా చదువుతున్నాను, సన్యాసి తిప్పుతున్నాడు. ఒకటి, ఆరు. మూడు, ఎనిమిది. నాలుగో వరసకు వచ్చేసరికి ఆయన నా పిలుపు కోసం ఆగడం మానేశాడు. చేయి దానంతటదే అటూ ఇటూ పోతోంది. రింగు సమంగా కూర్చుంది. పుల్లతో అంచులు తట్టి విన్నాడు, తిప్పాడు, మళ్లీ విన్నాడు. ఏడో నంబరు దగ్గర ఇంకొంచెం, తొమ్మిదో నంబరు దగ్గర వెంట్రుకవాసి. ఆ వెంట్రుకవాసికి నిబంధన లేదు. వైకుంఠం గారు అడగలేదు, నేను చెప్పలేదు.

చివర్లో ఆయన వంగి, ఆరో నంబరు బోల్టును వేలితో ఒకసారి ముట్టుకున్నారు. "క్షమించు," అన్నారు. నేను, సన్యాసి గోడ మీద కేలెండరు వైపు చూశాం.

మర్నాడు పంద్రాగస్టు. రాత్రి వాన పడి మైదానం తడిగా ఉంది. సన్యాసి తెల్లవారుజామునే వచ్చి బోల్టులు ఇంకొక్కసారి చూసుకున్నాడు. బాకాలు ఆగాయి. పెద్ద డ్రమ్ము ఆగింది. జెండా మెల్లగా పైకి కదిలింది. సన్యాసి పుల్లలు దించాడు.

ముందు చాలా చిన్నగా మొదలైంది. దూరంగా ఎక్కడో వంటింట్లో పోపు వేసినట్టు. పెరిగింది. రెండు పుల్లలా, పది పుల్లలా తెలియలేదు. ఎక్కడా తెగలేదు, ఎక్కడా తొణకలేదు. జెండా కొనకు చేరి, ముడి విడి, పూలు రాలేదాకా ఆ ధార అలాగే నిలిచింది. ఒక్క దెబ్బతో ఆగింది. జలాశయం అవతలి కొండ ఆ దెబ్బను తిరిగి పంపింది.

పైడితల్లి కుర్చీలోంచి లేచి నిలబడింది. జెండా కోసం అందరూ అప్పటికే నిలబడి ఉన్నారనీ, తను ఒక్కతే కూర్చుండిపోయిందనీ ఆమెకు అప్పుడు తెలిసింది. "ఏగినాయి," అంది, ఎవరితోనో తెలియకుండా. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వేదిక మీద వైకుంఠం గారు నా చెవిలో అన్నారు: "విన్నారా? ఆరో నంబరు ఎంత స్పష్టంగా పలికిందో!"

ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్లకుండా ఆఫీసుకు వెళ్లి బీరువా తెరిచాను. కీ ఉన్న చోటు ఖాళీగా ఉంది. దాని పక్కన సన్యాసి అర్జీ ఉంది. దుమ్ము దులిపి చదివాను. 'నా తర్వాత ఐదేళ్లకు చేరినవారిని నాకన్నా ముందు మాస్టరుగా చేసియున్నారు. దయచేసి పరిశీలించగలరు.' రెండే వాక్యాలు. ఎనిమిదేళ్లలో దాని మీద నేను 'పరిశీలనలో ఉన్నది' అని పదహారుసార్లు రాశాను, ఆరు నెలలకొకసారి, తప్పకుండా.

ఆ రాత్రే నోటు రాశాను. ఆరో నంబరు బోల్టు విషయంలో ఇచ్చిన ఉత్తర్వును ఉదాహరణగా చూపించాను. వైకుంఠం గారు చదివి, మారు మాట్లాడకుండా, గట్టిగా సిఫారసు చేసి ప్రధాన కార్యాలయానికి పంపారు. రెండు వారాల్లో జవాబు వచ్చింది. అక్కడి నుంచి అంత త్వరగా జవాబు రావడం మా పటాలం చరిత్రలో అదే మొదటిసారి. కాదనడానికి ఎక్కువ సమయం పట్టదు కాబోలు.

అది వచ్చింది ఆగస్టు ముప్ఫై ఒకటిన. సన్యాసి డ్రమ్ము, పుల్లలు, కీ నాకు అప్పగించడానికి వచ్చి నా బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. నేను కాగితం విప్పి చదివాను.

'పైన ఉదహరించిన విషయమై తెలియజేయునది ఏమనగా, బోల్టుల విషయంలో జారీ చేయబడిన ఉత్తర్వులు మనుషులకు వర్తించవు.'

నాకు తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. సన్యాసి మాత్రం నవ్వాడు. ఉత్తుత్తి నవ్వు కాదు, నిజంగానే నవ్వాడు. కీ నా బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ బల్ల అంచున వేలితో ఒకసారి తట్టి చూశాడు.

"బాధపడకండి బాబూ. డ్రమ్ము పలక్కపోతే మైదానం అంతా వినబడిపోద్ది, తప్పదు, ఎవుడో ఒకడు బాగుచేత్తాడు. మనిసి పలక్కపోతే ఎవుడికి వినబడతాది?"

నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. నేను కీ అందినట్టు రసీదు రాసి, లేచి బీరువా తెరిచాను. అది నా కుర్చీకి సరిగ్గా వెనకే ఉంటుంది, చేయి చాపితే అందుతుంది. ఎనిమిదేళ్లు నా వీపు వెనకే ఉన్నాడాయన. నాకూ వినబడలేదు.